డయోడు మూసుకొను క్షణము

తిరుపతి పట్టణము రేడియో శ్రోతకు ఒక విశేషమైన తావు. ఇచ్చటినుండి వాయవ్యమున కడపయు, ఆగ్నేయమున మద్రాసును, ఆకాశమార్గమున లెక్కించినచో రెండును రమారమి 110 కిలోమీటర్ల దూరముననే యున్నవి. 1938లో ఆరంభమైన మద్రాసు ఆకాశవాణి మధ్యమ తరంగములలో 720 కిలోహెర్ట్‌జుల మీదను, 1963లో నెలకొన్న కడప కేంద్రము 900 కిలోహెర్ట్‌జుల మీదను చిరకాలముగా ఈ సీమవారికి పరిచితములు. దూరము సమానమైనను వినికిడి సమానము కాదు; ఏలనన పట్టణపు ఉత్తరపుటంచున, అలిపిరి యొద్ద, శేషాచలము నిటారుగా లేచి నిలిచియున్నది, కడప తరంగము ఆ గిరిపంక్తిని దాటి, దాని అంచున వంగి, ఈవలి పల్లమునకు దిగిరావలసి యున్నది. ఆ తరంగము పొడవు 333 మీటర్లగుటచే అట్లు వంగుట దానికి అసాధ్యము కాదు గాని, ఆ ప్రయాసలో అది కొంత బలమును గోల్పోవుట తప్పదు. కావున అలిపిరి చేరువనున్న యింట కూర్చుండి, తన చేతులతో తాను సాల్డరు చేసికొన్న చిన్న రేడియోలో కడపను వినగోరువానికి లభించునది బలహీనమైన సంకేతమే.

అట్టి రేడియోను 9 వోల్టుల బ్యాటరీతో నడపినంతసేపు కడప వార్తలు సన్నగానైనను నిర్మలముగా వినవచ్చుచుండును. నెలనెలా బ్యాటరీ కొనలేక, అదే పెట్టెలో ఒక మూలను చిన్న ట్రాన్స్‌ఫార్మరును, నాలుగు డయోడులను, ఒక కండెన్సరును ఇఱికించి, బజారులో బ్యాటరీ ఎలిమినేటరని పిలువబడు ఆ యేర్పాటును గోడ ప్లగ్గునకు తగిలించిన మరుక్షణము, వార్తల వెనుకనుండి గరగరమను రొద యొకటి లేచి, మాటల చివళ్ళను మ్రింగివేయసాగును. కేంద్రము మారలేదు, కొండ మారలేదు, రేడియోలోని ట్రాన్సిస్టరులును మారలేదు. మారినది విద్యుత్తు ప్రవేశించు ద్వారమొక్కటే. 1993లో అలిపిరి దారిలో ఏర్పడిన ప్రాంతీయ విజ్ఞాన కేంద్రమునకు వచ్చి, అచ్చటి యంత్రములను త్రిప్పి చూచి, ఇంటికి పోయి తామును ఏదో ఒకటి నిర్మింపవలెనని ఉబలాటపడు బాలబాలికలకు మొట్టమొదట ఎదురగు విఘ్నములలో ఇది యొకటి. దీనికి కారణమెఱుగక తమ నిర్మాణమే చెడినదని వారు నిరుత్సాహపడుట నాకెంతయు కష్టముగ తోచును. ఈ అధ్యాయము వారికొఱకు.

ఇంటికి వచ్చు విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము; సెకనుకు 50 పర్యాయములు అది ఒక దిశను విడిచి మఱియొక దిశకు మరలి, తిరిగి మొదటి దిశకు వచ్చుచుండును. 12 వోల్టుల ద్వితీయపు చుట్టు గల ట్రాన్స్‌ఫార్మరునుండి వెలువడు తరంగము శిఖరమున 17 వోల్టులను తాకును. ఆ నాలుగు డయోడులను కూర్చిన బ్రిడ్జి రెక్టిఫైయరులో ప్రవాహము ఎప్పుడును రెండేసి డయోడులగుండా పోవలయును గనుక, వానిలో ఒకటిన్నర వోల్టు ఖర్చుకాగా, కండెన్సరు ఇంచుమించు 15.5 వోల్టుల వఱకు నిండును. పాఠ్యపుస్తకములు ఇంతవఱకు చెప్పి, ఊర్మికలు తగ్గిన చక్కని గీతనొకదానిని చిత్రించి ఊరకుండును. అయితే అసలు కథ ఆ కండెన్సరు నిండు తీరులో ఉన్నది. కండెన్సరులోని వోల్టేజి కంటె ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి ఎక్కువగా నున్నప్పుడే డయోడు తెఱచుకొనును. అట్టి అవకాశము ప్రతి 10 మిల్లీసెకండ్లలో శిఖరమునకు సమీపముననున్న ఏ 2 మిల్లీసెకండ్లకో మాత్రమే దొరకును. రేడియో 100 మిల్లీయాంపియర్లను నిరంతరముగా త్రావుచుండగా, ఆ 10 మిల్లీసెకండ్ల ఖర్చునంతయు ఆ స్వల్పవ్యవధిలోనే భర్తీ చేయవలసి యుండుటచే, డయోడులగుండా ప్రవాహము సన్నని ధారగా గాక సెకనుకు 100 దెబ్బలుగా, సగటునకు ఐదు రెట్లును, శిఖరమున ఇంకను ఎక్కువగను, పాఱుచుండును. ఆ రెండు దెబ్బల నడుమ రేడియోను పోషించునది కండెన్సరొక్కటే; 1000 మైక్రోఫారడుల కండెన్సరు 100 మిల్లీయాంపియర్ల భారముక్రింద ఆ వ్యవధిలో దాదాపు 1 వోల్టు జాఱిపోవును.

ఈ 1 వోల్టు ఎగుడుదిగుడే మనకు 100 హెర్ట్‌జుల హమ్ముగా, స్పీకరులో లోతైన గుంయిమను నాదముగా వినిపించునది. దీనిని అణచుట సులభము. 7809 వంటి మూడుకాళ్ళ రెగ్యులేటరొకటి నడుమ నిలిపినచో అది 100 హెర్ట్‌జుల యొద్ద ఊర్మికను సుమారు వెయ్యిరెట్లు తగ్గించి, వోల్టును మిల్లీవోల్టుగ చేసి విడుచును. మన రేడియో మెకానిక్కులు ఏ రొదకైనను ముందుగా చెప్పు మందు, కండెన్సరు పెంచుమనునది. హమ్మునకు అది మంచి మందే. కాని బ్యాటరీ ఎలిమినేటరు పుట్టించు రొదలో హమ్ము ఒక భాగము మాత్రమే. రెండవది, హమ్ముకంటె సన్ననిదై, కఱకైనదై, వినువారి నెక్కువ వేధించునదై, కండెన్సరును పెంచినకొలది తగ్గకపోవుటయే గాక ఒక్కొక్కప్పుడు హెచ్చునది కూడ కలదు. పెద్ద కండెన్సరు తక్కువగా జాఱును గనుక డయోడు మఱింత ఆలస్యముగా తెఱచుకొని మఱింత త్వరగా మూసుకొనును. అంతే విద్యుదావేశము ఇంకను ఇఱుకైన వ్యవధిలో దూరవలసి వచ్చుటచే దెబ్బ ఇంకను నిట్టనిలువుగ తయారగును. హమ్మునకు పథ్యమైనది గరగరకు అపథ్యమగుట ఇందువలననే.

సంకేతమును మఱికొంత ఎక్కువగ వర్ధనము చేసినచో రొద వెనుకబడునని కొందఱనుకొందురు. అది నిజము కాదని తెలియుటకు తిరుపతినుండి చిత్తూరు పోవు దారిలో, ముప్పది నలుబది కిలోమీటర్ల నడుమనున్న గాదంకి గ్రామమువఱకు పోయి చూచిన చాలును. గుట్టల నడుమ, నగరముల విద్యుత్సందడికి దూరముగ, 1990ల ఆరంభమున నెలకొని, నేడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగ వెలసియున్న ఆ సంస్థలో, 32 వరుసలలో 32 చొప్పున 1024 యాగీ ఆంటెన్నాలు 130 మీటర్ల చదరముగ నిలిచి, 53 మెగాహెర్ట్‌జుల స్పందములను నింగికి పంపుచుండును. తొలి యేర్పాటులో స్పంద శిఖరమున 2.5 మెగావాట్ల శక్తి పైకి పోయెడిది. కాని నిర్మలాకాశములోని గాలి సుడులనుండి వెనుకకు వచ్చు ప్రతిధ్వని అత్యంత సూక్ష్మమైనది. ఆ పౌనఃపున్యమున గ్రాహకమునకు హద్దు గీయునది పాలపుంతనుండి వచ్చు రేడియో రొదయే. అందుచేత యంత్రము తానుగా పుట్టించుకొను రొద ఆ ఆకాశపు రొదకంటె క్రిందనుండునట్లు చూచుకొనుట నిర్మాతల ప్రథమ కర్తవ్యము. ఆవర్ధకము సంకేతమును, దానితో చేరిన రొదను భేదములేక పెంచును. ఒకసారి రెండును ఒకే పౌనఃపున్యమున కలిసిపోయిన పిదప వానిని విడదీయు ఉపాయము మిగుల కష్టము. గాదంకిలోని మహాయంత్రమునకును అలిపిరి విద్యార్థి చిన్నపెట్టెకును ఈ నియమము ఒక్కటే: రొదను పుట్టిన చోటనే పట్టుకొనవలెను.

అయితే ఆ గరగర పుట్టునది యెచ్చట? డయోడు తెఱచుకొనునపుడు గాదు, మూసుకొనునపుడు.

సిలికను డయోడు సంధిలో ప్రవాహము సాగుచున్నంతసేపు రెండు జాతుల ఆవేశవాహకములు సంధిని దాటి పరాయి సీమలో కిక్కిఱిసి నిలిచియుండును. బయటి వోల్టేజి తలక్రిందైనను అవి తత్క్షణమే మాయము కావు. అవి ఊడ్చివేయబడువఱకు డయోడు మూసికొనవలసినది మూసికొనక, ప్రవాహమును వెనుకకు సైతము పోనిచ్చును. మన బజారులో రూపాయికి రెండు రూపాయలకు దొరకు 1ఎన్4007 డయోడులో ఈ వెనుకపాటు సామాన్యముగ ఒకటి రెండు మైక్రోసెకండ్ల పైమాటగా ఉండును. ఆ మిగిలిన ఆవేశము అయిపోయిన క్షణమున వెనుకకు పాఱుచున్న ప్రవాహము హఠాత్తుగ తెగిపోవును. ఆ తెగుటలోనే అపాయమున్నది. ఏలనన ట్రాన్స్‌ఫార్మరు ద్వితీయపు చుట్టునందు, ప్రాథమికపు చుట్టుతో సంపూర్ణముగ ముడివడని అయస్కాంత రేఖలవలన కొంత లీకేజి ప్రేరకత్వము ఉండియే తీరును, ప్రేరకత్వమునకు తనలోని ప్రవాహము హఠాత్తుగ తెగుట సమ్మతము కాదు. ఎంత వేగముగ తెగునో అంత ఎక్కువ వోల్టేజి దానియందు పుట్టి, చుట్ల నడుమను, మూసికొన్న డయోడు నడుమను ఉన్న కొద్దిపాటి కెపాసిటెన్సులోనికి దూకి, అందుండి తిరిగి చుట్టులోనికి, మరల కెపాసిటెన్సులోనికి, శక్తి నశించువఱకు ఊగులాడును. కంచుగంటను ఎంత నెమ్మదిగ, ఎన్ని నిమిషముల కొకసారి కొట్టినను అది తన శ్రుతిలోనే మ్రోగునట్లు, ఈ వలయమును 50 హెర్ట్‌జుల విద్యుత్తు కొట్టినను అది మ్రోగునది తన సొంత పౌనఃపున్యముననే.

ఆ పౌనఃపున్యమెంత యుండునో ఒక ఉదాహరణమున లెక్కించి చూతము. చిన్న ట్రాన్స్‌ఫార్మరు లీకేజి ప్రేరకత్వము 100 మైక్రోహెన్రీలనియు, చుట్లును డయోడులును కలిసిన కెపాసిటెన్సు 200 పికోఫారడులనియు అనుకొందము. అనునాద సూత్రము ప్రకారము ఆ వలయము 1,125 కిలోహెర్ట్‌జుల యొద్ద మ్రోగును. అది మధ్యమ తరంగ పట్టీకి నట్టనడుమ! పైగా ఆ మ్రోత కొద్ది ఊపులలోనే క్షీణించునది గనుక ఒక్క పౌనఃపున్యమునకు కట్టుబడక రెండు వైపుల విస్తరించి, 900 యొద్దనున్న కడపను సయితము కప్పివేయును. ప్రతి దెబ్బకు ఒక మ్రోత, సెకనుకు 100 మ్రోతలు: అందుచేతనే రేడియోలో అది కేవలము బుసగా గాక 100 హెర్ట్‌జుల లయగల గరగరగా వినవచ్చును. రెగ్యులేటరు దీనిని ఆపజాలదు. దాని దిద్దుబాటు శక్తి పౌనఃపున్యము పెరిగినకొలది సన్నగిల్లి, మెగాహెర్ట్‌జుల ప్రాంతమున ఉన్నదో లేదో అన్నట్లుండును.

ప్రాతకాలపు నిర్మాతలకు ఈ బాధ వేఱు రూపమున తెలియును. 1904లో ఫ్లెమింగు కనిపెట్టిన శూన్యనాళికా డయోడు వంశమునకు చెందిన రెక్టిఫైయరు వాల్వులలో సంధియే లేదు; నిలువయుండు ఆవేశమును లేదు; అవి సౌమ్యముగ తెఱచుకొని సౌమ్యముగ మూసికొనెడివి. కాని ఎక్కువ ప్రవాహము కొఱకు పాదరసపు ఆవిరి నింపిన 866 వంటి వాల్వులను వాడినవారు, ఆ ఆవిరి ప్రతి అర్ధచక్రమునందును ఒక్కుమ్మడి అయనీకృతమై వెలుగుట వలన పుట్టు రొదకు వెఱచి, వాల్వు తలకు చిన్న చోకును తగిలించి, చుట్టును లోహపు గూడు కట్టెడివారు. వాల్వుల స్థానమున సిలికను వచ్చిన పిదప వేడియు స్థలమును కలిసివచ్చినవి. మూసుకొను క్షణపు కఱకుదనము మాత్రము క్రొత్తగా వచ్చి చేరినది.

ఇక చికిత్స. మ్రోగుచున్న వలయమును ఉపశమింపజేయుటకు దాని శక్తిని త్రాగివేయు నిరోధమొకటి కావలెను. ట్రాన్స్‌ఫార్మరు ద్వితీయపు రెండు కొనల నడుమ ఒక కండెన్సరును ఒక రెసిస్టరును వరుసగా కలిపి తగిలించుట దీనికి సనాతనమైన ఉపాయము, దీనిని స్నబ్బరందురు. మన ఉదాహరణమున ప్రేరకత్వమును కెపాసిటెన్సుతో భాగించి వర్గమూలము తీసినచో 707 ఓములు వచ్చును. కావున బజారులో దొరకు 680 ఓముల రెసిస్టరును, దానికి తోడుగ 0.01 మైక్రోఫారడు కండెన్సరును వాడదగును. ఆ కండెన్సరు 50 హెర్ట్‌జుల యొద్ద 3 లక్షల ఓములకు పైబడిన అవరోధమును చూపును గనుక దానిగుండా వ్యర్థమగు ప్రవాహము 0.04 మిల్లీయాంపియరు మాత్రమే. మెగాహెర్ట్‌జు యొద్ద మాత్రము అది తెఱచిన తలుపగుటచే మ్రోత శక్తి యంతయు రెసిస్టరులోనికి పోయి వేడిగా మాఱి నశించును. పెక్కుమంది రెసిస్టరును విడిచి కండెన్సరును మాత్రమే తగిలింతురు. అప్పుడు మ్రోత ఆగదు, దాని శ్రుతి మాత్రము దిగును. మన లెక్క ప్రకారము 1,125 నుండి 158 కిలోహెర్ట్‌జులకు దిగును. మధ్యమ తరంగముల వినికిడికి అది కొంత ఉపశమనమే గాని వ్యాధి నివారణము కాదు.

లీకేజి ప్రేరకత్వమును ఎవరు కొలువగలరని పాఠకుడు శంకింపవచ్చును. కళాశాల ప్రయోగశాలలో ఆసిలోస్కోపు అందుబాటులోనున్న విద్యార్థికి అందమైన మార్గమొకటి కలదు. మొదట మ్రోత పౌనఃపున్యమును తెరపై కొలిచి, పిదప ద్వితీయపు కొనల నడుమ చిన్న కండెన్సరులను ఒక్కొక్కటిగ చేర్చుచు పోవలెను. పౌనఃపున్యము సరిగా సగమైనప్పుడు మొత్తము కెపాసిటెన్సు మొదటిదానికి నాలుగు రెట్లయినదన్నమాట. అనగా మనము చేర్చినదానిలో మూడవవంతు ఎంతయో వలయమునందు సహజముగ నున్నది అంతయే. 600 పికోఫారడులు చేర్చినపుడు సగమైనచో సహజమైనది 200. అది తెలిసిన పిదప ప్రేరకత్వమును, అందుండి రెసిస్టరు విలువయు కాగితము మీదనే తేలును. ఆసిలోస్కోపు లేనివారు వేఱొక బ్యాటరీ రేడియోను ఎలిమినేటరు ప్రక్కన పెట్టి, ముల్లును కేంద్రములు లేని తావున నిలిపి, 100 మొదలు 1000 ఓముల వఱకు రెసిస్టరులను మార్చి చూచుచు, రొద అతి తక్కువైన విలువను ఎన్నుకొనవచ్చును. చెవి ఈ పనికి చాలినంత నమ్మదగిన సాధనమే.

డయోడునే మార్చుట రెండవ మార్గము. యుఎఫ్4007 అను డయోడు ఆకారమునను కాళ్ళయందును 1ఎన్4007కు అచ్చముగ సరిపోవుచు, 75 నానోసెకండ్లలోనే కోలుకొనును. 1ఎన్5819 వంటి షాట్కీ డయోడులలో లోహమునకును సిలికనునకును నడుమ సంధి ఏర్పడుటచే నిలువ ఆవేశమను పీడయే ఉండదు, వోల్టేజి నష్టమును తక్కువ. కాని దానిని వాడువాడు ఒక లెక్క తప్పక వేసికొనవలెను. అది వెనుకకు ఓర్వగలది 40 వోల్టులు. 12 వోల్టుల బ్రిడ్జిలో ఒక్కొక్క డయోడుపై పడునది 17 వోల్టులే గనుక భయము లేదు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మరుతో రెండు డయోడుల ఏర్పాటులో మాత్రము 34 వోల్టులు పడును, భారము లేని చిన్న ట్రాన్స్‌ఫార్మరు తన ముద్రిత విలువకంటె బాగుగ ఎక్కువ వోల్టేజి ఇచ్చును గనుక 40 దాటిపోవుటకు అవకాశము మెండు. అచ్చట యుఎఫ్4007యే శ్రేయస్కరము. ఇంతకును, షాట్కీ డయోడునకు కూడ కెపాసిటెన్సు ఉన్నది. ప్రేరకత్వము ఎక్కడికిని పోలేదు. కావున స్నబ్బరు అవసరము తీరిపోయినదని భావింపరాదు.

నా అభిప్రాయమున, చిన్నపెట్టెలో ఇన్నిటికంటె ప్రధానమైనది తీగల నడక. పెద్ద పరికరములలో దూరమే సగము రక్షణ ఇచ్చును. చుట్టునుండి వెలువడు సమీప అయస్కాంత క్షేత్రము దూరము రెట్టింపైనచో ఎనిమిదవ వంతునకు పడిపోవును. అఱచేతి పెట్టెలో ఆ భాగ్యము లేదు. పైగా మధ్యమ తరంగ రేడియోలో ఆంటెన్నాగ నుండు ఫెరైటు కడ్డీ అయస్కాంత క్షేత్రమును పట్టుటకే పుట్టినది. దానికి నాలుగు సెంటీమీటర్ల దూరమున రెక్టిఫైయరు వలయమును పఱచినచో అది కడపకంటె ముందుగ ఆ వలయమునే వినును. ద్వితీయపు చుట్టు, డయోడులు, కండెన్సరు ఈ మూటిని చుట్టివచ్చు బాటలోనే దెబ్బల ప్రవాహము తిరుగుచుండును. ఆ బాట చుట్టిన వైశాల్యము ఎంత పెద్దదో వెలువడు క్షేత్రమంత పెద్దది. అందుచేత ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు రెండు తీగలను బిగువుగ పురిపెట్టి, డయోడులను కండెన్సరు కాళ్ళకు ఆనించి సాల్డరు చేసి, ఆ వలయము వైశాల్యమును గోరంతకు కుదింపవలెను. ఫెరైటు కడ్డీని పెట్టెకు ఆవలి కొసన, ట్రాన్స్‌ఫార్మరు అక్షమునకు లంబముగ నిలిపి, పూర్తిగ బిగింపక ముందే అటునిటు త్రిప్పి, రొద కనిష్ఠమైన కోణమున బిగింపవలెను.

గ్రౌండు తీగ విషయమున జరుగు పొరపాటు మఱింత సూక్ష్మమైనది. సన్నని హుక్‌అప్ తీగ 10 సెంటీమీటర్లకు ఇంచుమించు 8 మిల్లీఓముల నిరోధము కలిగియుండును. లెక్కింపదగినది కాదని తోచును. కాని దెబ్బ శిఖరమున 1 ఆంపియరు ఆ తీగలో పాఱినచో దాని రెండు కొనల నడుమ 8 మిల్లీవోల్టుల భేదము లేచును; డిటెక్టరునుండి ఆంప్లిఫైయరునకు పోవు శబ్దసంకేతము పదుల మిల్లీవోల్టులే. కావున బ్రిడ్జినుండి కండెన్సరువఱకు గల తీగముక్కకు రేడియో గ్రౌండును ఎన్నడును తగిలింపరాదు. బ్రిడ్జి ఋణధ్రువము నేరుగా కండెన్సరు ఋణపు కాలునకు రావలెను. ఆ కాలునుండియే వేఱొక తీగ బయలుదేఱి రెగ్యులేటరునకును, అందుండి రేడియోకును పోవలెను. రెండు బాటలు ఆ యొక్క బిందువునందు తప్ప మఱెచ్చటను కలియరాదు. ఇందుకు ఖర్చు లేదు, దీనికి సాటి వచ్చు మందు అంగడిలో దొరకదు గనుకనే దీనిని ఇంతగ నొక్కి చెప్పుచున్నాను.

మఱియొక వింత రొద కలదు. కేంద్రములు లేని తావులలో రేడియో నిశ్శబ్దముగ నుండును. ముల్లు ఏదైన కేంద్రముమీదికి రాగానే దానితోపాటు హమ్మును లేచును. ఇది ఊర్మిక వలన కలిగినది కాదు. ఇంటి విద్యుత్ తీగలు పెద్ద ఆంటెన్నావలె కేంద్రపు తరంగమును పట్టి, ట్రాన్స్‌ఫార్మరు చుట్ల నడుమ కెపాసిటెన్సుగుండా రెక్టిఫైయరువఱకు చేర్చును. అచ్చట డయోడులు సెకనుకు 100 మారులు తెఱచుకొని మూసుకొనుచుండుటచే ఆ తరంగమునకు బాట ఒకమారు దొరకి ఒకమారు తెగి, 100 హెర్ట్‌జుల ముద్రతో అది తిరిగి గ్రాహకమును చేరును. తన సొంత ఆసిలేటరును కేంద్రపు పౌనఃపున్యముననే నడుపుకొను డైరెక్ట్ కన్వర్షను గ్రాహకములలో ఈ పీడ ఇంకను ఎక్కువ. అచ్చట తిరిగివచ్చునది తన తరంగమే. ఒక్కొక్క డయోడునకు సమాంతరముగ 0.01 మైక్రోఫారడు సిరామిక్ కండెన్సరును తగిలించినచో డయోడు తెఱచియున్నను మూసియున్నను రేడియో తరంగమునకు బాట ఒకే తీరున నుండి, హమ్ము మాయమగును.

హైదరాబాదునందలి అష్హర్ ఫర్హాన్ ఈ శతాబ్ది తొలినాళ్ళలో రూపొందించిన బిట్‌ఎక్స్ అను హ్యాము ట్రాన్సీవరును స్వయముగ కట్టుకొన్నవారు ప్రపంచమంతటను ఉన్నారు. మన అంగళ్ళలో దొరకు సామాన్యమైన ట్రాన్సిస్టరులతోడనే, ఖరీదైన టొరాయిడు వలయముల బదులు కుళాయి వాషర్ల మీద తీగ చుట్టి, ఖండాంతరములతో మాటలాడు యంత్రమును కట్టవచ్చునని ఆయన నిరూపించెను. 2017లో వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ 3 నుండి 30 మెగాహెర్ట్‌జుల వఱకు పనిచేయును. ఇట్టి యంత్రము 12 వోల్టుల ప్రాంతపు ఏ సరఫరాతోనైనను నడచును. కాని అది చెవి యొగ్గునది మైక్రోవోల్టులకు. అందుచేత దానిని కట్టువారు యంత్రమునకు చూపిన శ్రద్ధలో సగమైనను దాని విద్యుత్తు పెట్టెకు చూపుట న్యాయము.

నేడు యువకులు ట్రాన్స్‌ఫార్మరును కొనుట మాని, మూలబడిన ఫోను చార్జరునే సరఫరాగ వాడుచున్నారు. అది 230 వోల్టులను తిన్నగ రెక్టిఫై చేసి 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తును కల్పించి, దానిని సెకనుకు అనేక వేల మారులు కోసి, అంగుళమంత ట్రాన్స్‌ఫార్మరుగుండా దించును. కోత 60 కిలోహెర్ట్‌జుల యొద్ద జరుగుచున్నదనుకొన్నచో, దాని 12వ గుణిజము 720 మీదను, 15వ గుణిజము 900 మీదను పడును: మద్రాసును కడపను రెంటిని ఒక్క చార్జరే కప్పివేయగలదు! ఇందులో రొద తీగనంటి వచ్చుటయే గాక, తీగనే ఆంటెన్నాగ చేసికొనును. చార్జరు తీగను ఫెరైటు వలయముగుండా అయిదాఱు చుట్లు త్రిప్పినచో కొంత మేలగును. ఉపశమింపని చౌకరకమును పాఱవేయుటయే ఉత్తమము. బలహీన సంకేతములను వినవలసిన చోట ఇప్పటికిని ఇనుపరేకుల ట్రాన్స్‌ఫార్మరుకే నా ఓటు.

ఇక ఏ రెక్టిఫైయరును లేని సరఫరా బ్యాటరీయే. తిరుపతి చెంత కరకంబాడిలో 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ తయారుచేయు సీసపు బ్యాటరీలవంటివి టెలిఫోను కేంద్రములలో 48 వోల్టుల వ్యవస్థకు కేవలము కరెంటు పోయినపుడు ఆదుకొనుటకే యున్నవని చాలమంది యెంతురు. అవి కరెంటు ఉన్నప్పుడును పనిచేయుచునే యుండును: వాని అంతర్నిరోధము మిల్లీఓములలో నుండుటచే రెక్టిఫైయరు ఊర్మికను తమలోనికి లాగికొని, మనిషి చెవి సున్నితత్వమునకు అనుగుణముగ తూచి కొలిచిన రొదను 2 మిల్లీవోల్టుల ప్రాంతమున నిలుపుటకు తోడ్పడును. మన రేడియోకు కూడ చిన్న సీసపు బ్యాటరీని పగలు చార్జిచేసి, వినునపుడు చార్జరును విడదీసి వాడినచో పైనజెప్పిన గరగర సమస్తమును ఒక్కపెట్టున తొలగును.

రొద ఏ జాతిదో తేల్చుటకు ముందుగ ఆ బ్యాటరీనే పరీక్షగ వాడవలెను. బ్యాటరీతోను రొద వచ్చినచో తప్పు ఎలిమినేటరుది కాదు, ప్రక్కింటి ఎల్‌ఈడీ దీపమునో ఫ్యాను రెగ్యులేటరునో అనుమానింపవచ్చును. ఎలిమినేటరుతో మాత్రమే వచ్చినచో వాల్యూమును సున్నకు త్రిప్పి చూడవలెను. అప్పుడును వినిపించు హమ్ము గ్రౌండు బాటలోనిదో ఊర్మికదో అగును. వాల్యూముతో తగ్గి, పట్టీ యంతట పరచుకొన్న గరగర డయోడు మ్రోతది. కేంద్రముల మీద మాత్రమే లేచునది డయోడులకు సమాంతర కండెన్సరులను కోరుచున్నది. ఈ క్రమమున పోయినవానికి నాలుగు రూపాయల సామానుతో పని తీరును.

చివరి మాట 230 వోల్టుల వైపును గుఱించినది. ప్రాథమికపు చుట్టు కొనల నడుమ కూడ కండెన్సరు తగిలించినచో బయటి రొద కొంత తగ్గునన్నది నిజమే గాని, అచ్చట 400 వోల్టులని వ్రాసియున్న సామాన్యమైన కండెన్సరు పనికిరాదు. మెయిన్సు నడుమ నుండదగినది 275 వోల్టుల ఏకాంతర ప్రవాహమునకై తయారైన ఎక్స్2 తరగతి కండెన్సరు. అది చెడినను నిప్పంటుకొనకుండునట్లు నిర్మింపబడినది. మెయిన్సునుండి పెట్టె లోహమునకు తగిలించునది వై తరగతిది కావలెను. ఆ తావున కండెన్సరు చెడినచో ముట్టుకొన్నవాని ప్రాణమునకే ముప్పు. వీనికి ముందు ఫ్యూజు తప్పనిసరి. అట్టి కండెన్సరులు దొరకనియెడల ఆ తావును ఖాళీగ విడిచి, ద్వితీయపు వైపున స్నబ్బరుతోనే తృప్తిపడవలెను. మన చిన్నపెట్టెకు చాలవఱకు అదియే సరిపోవును.